కాదన్నవారికి వ్రాసిన జాబులు

కోరికను విన్నవించుకొనుటకు లోకమున శాస్త్రములు పెక్కులు గలవు. ఆ కోరిక త్రోసివేయబడిన మరునాడు ఏమి వ్రాయవలయునో బోధించు శాస్త్రము మాత్రము మిక్కిలి అరుదు. ప్రభువును ఏ బిరుదములతో సంబోధింపవలయునో, తన లేమిని ఎంతవరకు వెల్లడించి ఎచ్చట ఆపవలయునో, కుటుంబమున ఎందరు తనమీద ఆధారపడియున్నారని చెప్పవలయునో, ఇదియంతయు తాలూకా కచేరీల అరుగులమీద కూర్చున్న అర్జీల వ్రాతగాండ్రకు కంఠస్థమై యుండెడిది. ‘మహారాజరాజశ్రీ’తో మొదలై ‘చిత్తగింపవలెను’తో ముగియు ఆ ధోరణిలో వారి కలము తడబాటు లేక సాగెడిది. అర్జీ కొట్టివేయబడిన పిమ్మట అదే వ్రాతగాని యొద్దకు మరలివచ్చి, కాదన్న దొరగారికి వందనములు తెలుపుచు నాలుగు పంక్తులు వ్రాసిపెట్టుమని అడిగినవాని కథ మాత్రము నా చెవిని బడలేదు.

ఇందుకు మనవారి సంస్కారలోపము కారణమని తలపరాదు. మన ఆస్థానములలోను, పెద్దల లోగిళ్లలోను ‘కాదు’ అను మాటను నోట పలుకుటయే అమర్యాదగా నెంచబడెడిది. ‘చూతము’, ‘పండుగ వెళ్లనిండు’, ‘దివాన్‌జీతో మాటలాడెదము’ అని తాంబూలమిచ్చి సాగనంపుట పెద్దరికము. కాదన్న మాట చెవిని బడనిచోట దానికి బదులు వ్రాయు సందర్భమే పుట్టదు. ఖాళీ వచ్చునేమో యని ఏండ్ల తరబడి జీతము లేకయే కచేరీ వసారాలో కాగితములు నకలు చేయుచు కూర్చుండు ఉమేదువారునకు ఎవ్వరును పొమ్మని వ్రాతమూలముగా చెప్పలేదు గనుక, అతడును పోయివత్తునని వ్రాతమూలముగా సెలవు తీసికొనలేదు. ఇక కవులందురా, సత్కారము జరుగనిచో ఊరి పొలిమేర దాటి ఒక చాటువు చెప్పి కసి దీర్చుకొనుట వారి త్రోవ; వేములవాడ భీమకవి పేరెత్తగనే జనులకు జ్ఞప్తికి వచ్చునది ఆయన దీవెన కాదు గదా!

ఆంగ్లదేశమునను మొదట వాసికెక్కినది తిట్టే. శామ్యూల్ జాన్సన్ 1747లో తాను కూర్పదలచిన నిఘంటువు యొక్క ప్రణాళికను లార్డ్ చెస్టర్‌ఫీల్డ్‌ను ఉద్దేశించి ప్రకటించి, ఆదరణము లభించునని ఆశించి, ఆయన వాకిట నిలిచి నిలిచి విసిగి తిరిగివచ్చి, ఏండ్లకేండ్లు చీకటి గదిలో పాటుపడి పని ముగించుచుండగా, నిఘంటువు వెలువడబోవుచున్నదని తెలిసి ఆ ప్రభువు ఒక పత్రికలో రెండు వ్యాసములతో దానిని మెచ్చుకొనెను. దానిపై జాన్సన్ 1755 ఫిబ్రవరి 7వ తేదీన ఒక జాబు వ్రాసెను. అది వినయపు పళ్లెరములో వడ్డించిన తిరస్కారము. ప్రభుపోషణము మీద బ్రతుకు రచయితల యుగమునకు అదియే చరమగీతమని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. కాని చెస్టర్‌ఫీల్డ్ దానిని దాచిపెట్టక, తన బల్లమీదనే యుంచి, వచ్చినవారికి చూపి, ఇందలి మాటల పొందికను గమనింపుడని పొగడెనని జాన్సన్ జీవితచరిత్ర వ్రాసిన బాస్వెల్ తన గ్రంథమున నెక్కించినాడు. ఆ వృత్తాంతమున అధికమైన మర్యాద చూపినవాడు జాన్సన్ గాక ఆ ప్రభువే యని నాకు తోచుచుండును. ఏది యెట్లున్నను, జాన్సన్ వలె వ్రాయవలెనన్నచో చేతిలో పూర్తియైన నిఘంటువు ఉండవలెను. చేతిలో నేమియు లేక, రేపును మరల తలుపు తట్టవలసినవారు ఏమి వ్రాయుదురు? ఈ ప్రశ్నకు బదులు, ఎనుబది యేండ్ల తరువాత, యార్క్‌షైర్ బీడుభూముల నడుమ నున్న హావర్త్ గ్రామమున ఒక క్రైస్తవ మతాచార్యుని యింట దొరకుచున్నది.

పాట్రిక్ బ్రాంటీ 1820లో ఆ గ్రామమునకు గురువుగా వచ్చెను. తల్లియు, పెద్దకుమార్తెలిద్దరును గతింపగా మిగిలినవారు నలువురు: షార్లెట్, బ్రాన్వెల్, ఎమిలీ, ఆన్. తండ్రి వేతనము స్వల్పము; ఆయన కాలము చెల్లినచో ఉన్న యిల్లు సయితము చర్చివారిదే. ఆడపిల్లలకు ఆనాడు గౌరవహానిలేని వృత్తి ఒక్కటే, పరుల యిండ్లలోనో పాఠశాలలలోనో పిల్లలకు చదువు చెప్పుట. అదియు ఎట్టిదనగా, 1841లో షార్లెట్ ఒక యింట కుదిరినప్పుడు ఏడాదికి 20 పౌనులు జీతము, అందులో బట్టల చాకలి ఖర్చు క్రింద 4 పౌనులు కోత. పాఠములు ముగిసిన పిమ్మట రాత్రి ప్రొద్దుపోవువరకు గుట్టలుగా పడియున్న కుట్టుపని. 1844లో అక్కచెల్లెండ్రు ముగ్గురును తమ యింటనే బడి పెట్టదలచి, భోజనవసతులకును చదువునకును ఏడాదికి 35 పౌనులని కరపత్రములు అచ్చువేయించి పంచగా, ఒక్క బాలికయు రాలేదు. నిరాకరణము ఆ యింటికి అతిథి కాదు, కాపురమున్న చుట్టమే.

ఆ యింటనే, ఇంచుమించు ఒకే కాలమున, ఎంతో ఆశతో చూడబడిన ఏకైకపుత్రుడు బ్రాన్వెల్, అతని అక్కగారు షార్లెట్, పేరుగల పెద్దలకు జాబులు వ్రాసిరి. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో మన విషయమున సగము బోధపడును. 1835 నవంబరులో జేమ్స్ హాగ్ అను స్కాట్లండు కవి మరణించెను. ఎడింబరో నగరపు బ్లాక్‌వుడ్స్ పత్రికకు ఆయన ప్రధానరచయితలలో నొకడు. డిసెంబరులోనే పదునెనిమిదేండ్ల బ్రాన్వెల్ ఆ పత్రిక సంపాదకునకు జాబు వ్రాసి, ఖాళీయైన ఆ స్థానమునకు తాను తగుదునని, తన్ను చేర్చుకొనకున్నచో నష్టము పత్రికదే యని ధ్వనించునట్లు ప్రకటించెను. జవాబు లేదు. మరల వ్రాసెను, జవాబు లేదు. జవాబు రానికొలది కంఠస్వరము పెంచి, మీరు నన్ను చదువక పోవుట గర్వముచేతనా, దురభిప్రాయముచేతనా యను ధోరణిలో అడుగసాగెను. 1837 జనవరిలో వర్డ్స్‌వర్త్ మహాకవికి తన పద్యములు పంపుచు, ఆయనను ఆకాశమున కెత్తి, వర్తమానకవులు దమ్మిడీకి చేయరని తీర్మానించెను. ఆ మహాకవి ఆ జాబును భద్రపరచెను గాని దానికి ఒక్క అక్షరమైనను బదులు వ్రాయలేదు. అందలి స్తోత్రమునకును, ఇతరులపై తిట్లకును ఆయన మనస్సు విరిగినదని మరియొక కవి ద్వారమున మనకు తెలియుచున్నది. ఆ మరియొక కవి ఎవడో కాడు; అక్కగారి జాబు నందుకొన్న రాబర్ట్ సదీయే.

సదీని నేడు చదువువారు తక్కువ. ఆనాడు ఆయన 1813 నుండియు ఆస్థానకవి; కెస్విక్ సరస్సు ప్రక్కన గ్రెటా హాల్ అను గృహమున పుస్తకముల నడుమ కూర్చుండి, కలముతోనే పెద్దకుటుంబమును పోషించిన కష్టజీవి. 1836 డిసెంబరు 29వ తేదీన ఇరువదేండ్ల షార్లెట్ కొన్ని పద్యములను జతపరచి ఆయన అభిప్రాయమును కోరుచు వ్రాసెను. ఆ మొదటి జాబు నేడు లభ్యము కాదు. సదీ తన ప్రత్యుత్తరమున ఎత్తిచూపిన మాటలనుబట్టి అందు యౌవనసహజమైన ఆడంబరము దండిగా నుండెనని ఊహింపవచ్చును. ఆయన ప్రయాణములలో నుండుటచే జవాబు రెండు నెలలు దాటిన తరువాత, 1837 మార్చి 12వ తేదీన వ్రాయబడెను. నీయందు పద్యరచనాశక్తి కొంత లేకపోలేదు. అయినను ఈ కాలమున అట్టి శక్తి అరుదైనది కాదు. పగటికలలలో మునుగుట మనస్సునకు చేటు. సాహిత్యమును జీవితవ్యాపారముగా చేసికొనుట స్త్రీకి తగదు. పద్యము వ్రాయుమేని వ్రాయుము, కీర్తికొరకు మాత్రము వలదు: ఇది ఆ జాబులోని సారము. ఈ హితవులో స్త్రీని గూర్చిన భాగమును నేటివారు కోపము లేక చదువలేరు. చదువవలసిన పనియు లేదు. కాని ముక్కు మొగము తెలియని ఒక పల్లెటూరి ఉపాధ్యాయినికి అరువదిరెండేండ్ల ఆస్థానకవి తన సమయమును వెచ్చించి, తాను నమ్మినదానిని దాపరికము లేక, దయ చెడకుండ, రెండు పుటలకు మించి వ్రాయుటయు నిజమే.

నాలుగుదినములలో, అనగా మార్చి 16వ తేదీన, ఆమె వ్రాసిన కృతజ్ఞతాలేఖ మనకు నిలిచినది. దానిని నేను పలుమారులు చదివితిని. చదివినకొలది దాని నిర్మాణకౌశలము బయలుపడుచునే యున్నది. మొదట ఆమె తన బాధను దాచలేదు. తొలిసారి చదివినప్పుడు ఆయనను శ్రమపెట్టితినే యని సిగ్గును, చింతయు కలిగినవని ఒప్పుకొన్నది. పిమ్మట తానాజాబును మరల మరల చదివితిననియు, అప్పుడు దాని తాత్పర్యము స్పష్టమైనదనియు చెప్పి, ఆ తాత్పర్యమును తన మాటలలో ఆయనకే అప్పగించినది: తాము నన్ను వ్రాయవద్దని నిషేధింపలేదు, నిజమైన కర్తవ్యములను విడిచి, కీర్తికొరకు వ్రాయవద్దంటిరి, కర్తవ్యములను నెరవేర్చి, వ్రాతకొరకే వ్రాతను సాగించుకొనుటకు అనుమతించితిరి. చూడుడు, ఎంత మెత్తగా జరిగినదో ఈ సరిహద్దుల నిర్ణయము! తలుపు మూసినానని ఆయన అనుకొనియుండగా, ఇంకను తెరచియున్న సందును ఆయనచేతనే చూపించి, అందులకు వందనము లర్పించినది.

పిదప తన స్థితిని నాలుగు మాటలలో తెలిపినది. అది జాలి పుట్టించుటకు గాక, ఆయన ఊహించుకొన్న వ్యర్థస్వాప్నిక తాను కానని సవరించుటకు. తండ్రి పరిమితాదాయముగల మతగురువు. తాను సంతానమున పెద్దది. ఆయన తనకు శక్తికొలది చదువు చెప్పించెను గనుక, బడి విడిచినది మొదలు ఉపాధ్యాయినిగా పనిచేయుట తన విధియని తలచినది. ఆ వృత్తిలో పగలంతయు తలకును చేతులకును తీరిక యుండదు. సాయంకాలములందు మాత్రము ఆలోచించుచుందునని ఒప్పుకొనెదను, కాని ఆ ఆలోచనలతో ఇతరులను విసిగింపను. స్త్రీలకు విధింపబడిన పనులను శ్రద్ధతో చేయుటయే గాక వానియందు ఆసక్తి కలిగించుకొనుటకును యత్నించుచున్నానని చెప్పి, ఆ వెంటనే, అన్నివేళల నెగ్గుట లేదనియు, పాఠము చెప్పునప్పుడో కుట్టుపని చేయునప్పుడో పుస్తకము పట్టుకొన్నచో ఎంత బాగుండునని అనిపించుననియు అన్నది. చివరకు, పేరు అచ్చులో చూచుకొనవలెనను కోరిక ఇక పుట్టదని నమ్ముచున్నాననియు, పుట్టినచో సదీగారి జాబును చూచి అణచుకొందుననియు వ్రాసి ముగించినది.

ఈ జాబును గూర్చి విమర్శకులలో రెండు మతములున్నవి. ఇది సంపూర్ణవిధేయతయని కొందరు. కాదు, ఆద్యంతము చాటుగా చేసిన అపహాస్యమని, ఇటీవల, మరికొందరు. రెండవ మతము మనకు రుచించునది గనుకనే దానిని కొంత అనుమానింపవలెనని నా అభిప్రాయము. హేళన చేయబడిన జాబు కవరుపై ఆమె తన ఇరువదియొకటవ జన్మదినమున, 1837 ఏప్రిల్ 21వ తేదీన, ఇది సదీ యిచ్చిన సలహాయనియు, ఎల్లకాలము దాచదగినదనియు వ్రాసి పెట్టుకొనియుండదు. వృద్ధులమైనపుడు కూడ మనము పెద్దల హితవును ఒక చెవితో అంగీకరించి, రెండవ చెవితో తూకము వేయుచునే యుందుము. ఇరువదేండ్ల పిల్ల ఆ రెండు పనులను ఒకే జాబులో చేయగలుగుటయే విశేషము. కృతజ్ఞత నిజము, లొంగకపోవుటయు నిజము. సదీ మాత్రము సంతోషించెను. మార్చి 22వ తేదీన మరల వ్రాసి, ఎప్పుడైనను సరస్సుల సీమకు వచ్చినచో తన యింటికి రమ్మని ఆహ్వానించెను. అంత దూరము పోవుటకు ఆమె యొద్ద సొమ్ము లేకపోయెను. 1843లో ఆయన కన్నుమూసెను. 1850లో సదీ కుమారుడు తండ్రి జీవితచరిత్రను, లేఖలను ప్రకటించుచు ఈ యుత్తరములను చేర్చుకొందునా యని అనుమతి నడుగునాటికి, అడుగబడినామె ఐరోపా యెల్ల ఎరిగిన రచయిత్రి.

ఇచ్చట తపాలాసంగతి ఒక్కటి చెప్పవలసియున్నది. 1837 నాటికి ఇంగ్లండులో జాబు ఖరీదు దూరమునుబట్టియు, కాగితముల సంఖ్యనుబట్టియు నిర్ణయింపబడి, సాధారణముగా అందుకొన్నవారిచేతనే వసూలు చేయబడెడిది. కాబట్టి పిలువని జాబు వ్రాయుటయన్నచో ఎదుటివారి జేబులో చేయి పెట్టుట. కాదన్నవారికి మరల కృతజ్ఞత వ్రాయుటయన్నచో కొందరికి రెండవ జరిమానా. ఆమె రెండవసారి వ్రాసినందులకు అంతగా క్షమాపణము కోరుటలో ఈ భయమును కొంత యుండియుండును. 1840 జనవరి 10వ తేదీనుండి దేశమంతటను ఒక పెన్నీకే జాబు నడచుట మొదలుకాగా, మే మాసమున తపాలాబిళ్ల పుట్టగా, మర్యాద చౌక అయినది. మన దేశమునకు ఈ ఏకరీతి వెల 1854 అక్టోబరు 1వ తేదీన అర్ధణాతో వచ్చినది. తోకలేని పిట్ట తొంబదియామడ పోవునను మన పిల్లల పొడుపుకథలోని పిట్టకు రెక్కలు బలిసినది అప్పటినుండియే.

షార్లెట్ మాట తప్పలేదనుకొన్నను అనుకొనవచ్చును. ఎనిమిదేండ్లకు పైగా ఆమె అచ్చులో ఏమియు వెలువరింపలేదు. 1845 శరదృతువున ఎమిలీ పద్యముల పుస్తకము యాదృచ్ఛికముగా కంటబడువరకు ఆ కోరిక కార్యరూపము దాల్చలేదు. పిదప ముగ్గురును కరర్ బెల్, ఎల్లిస్ బెల్, ఆక్టన్ బెల్ అను మారుపేర్లు ధరించి, 31 పౌనుల 10 షిల్లింగులు తామే పెట్టుకొని, ఎయిలట్ అండ్ జోన్స్ కంపెనీచే 1846 మేలో పద్యసంపుటిని వెలువరింపగా, ఏడాదిలో అమ్ముడుపోయినవి రెండు ప్రతులు. వారు ఏడువలేదు, మిగిలినవానిలో కొన్నింటిని టెన్నిసన్, డిక్విన్సీ మొదలైన ప్రసిద్ధ రచయితలకు కానుకగా పంపుచు, రెండే అమ్ముడుపోయిన సంగతిని వినోదముగా తెలుపుచు జాబులు వ్రాసిరి.

అప్పటికే షార్లెట్ వ్రాసిన ‘ప్రొఫెసర్’ అను నవల ఊరూర తిరుగుచుండెను. 1846 ఆగస్టు 25వ తేదీన మాంచెస్టరులో తండ్రి కంటిపొరకు శస్త్రచికిత్స జరిగిన దినముననే, మొగమాటము లేని నిరాకరణముతో ఆ కట్ట తిరిగివచ్చెనని ఆమె జీవితచరిత్ర వ్రాసిన మిసెస్ గాస్కెల్ చెప్పుచున్నది. ఆ నగరముననే, చీకటిగదిలో తండ్రి పండుకొనియుండగా, ఆమె ‘జేన్ ఐర్’ మొదలుపెట్టెను. తిరిగివచ్చిన కట్టను కొత్త కాగితములో చుట్టుటకు బదులు, పాత ప్రచురణకర్త పేరు కొట్టివేసి, దాని క్రిందనే కొత్తవాని పేరు వ్రాసి పంపుట ఆమె అలవాటు. ఎందరు కాదన్నదియు పై కాగితమే సాక్ష్యము చెప్పుచుండ, 1847 జూలై 15వ తేదీన అది లండను కార్న్‌హిల్ వీథి 65వ నంబరునకు పంపబడెను.

ఆ చిరునామాలో నున్న స్మిత్, ఎల్డర్ కంపెనీతో మన దేశమునకు గల సంబంధము అల్పమైనది కాదు. పుస్తకప్రచురణము వారి వ్యాపారమున ఒక మూల. హిందూదేశమునందలి ఇంగ్లీషు సైనికోద్యోగులకును, ఈస్టిండియా కంపెనీ కొలువువారికిని కావలసిన సరకులు ఓడలపై పంపుట, వారి సొమ్ము వ్యవహారములు నడపుట అసలు పని. ఇరువదిమూడేండ్ల జార్జి స్మిత్ అప్పుడే తండ్రినుండి ఆ బరువు నెత్తికెత్తుకొనియుండెను. వ్రాతప్రతులు చదువుటకు ఆయన నియమించుకొన్న డబ్ల్యూ. ఎస్. విలియమ్స్, అంతకుముందు ఒక శిలాముద్రణశాలలో పద్దులు వ్రాయుచు, మనసొకచోటను మనుగడ యొకచోటను గడపినవాడు. కాదనవలసివచ్చినప్పుడు ఎదుటివానికి ఎచ్చట గ్రుచ్చుకొనునో ఎరుగుటకు ఇంతకంటె మంచి శిక్షణ మెక్కడ దొరకును?

మూడువారములు జవాబు రాకపోగా, జవాబునకు తపాలాబిళ్ల పంపకపోవుటయే కారణమేమోయని తమ్ముడు చెప్పెననియు, ఆమె మరల వ్రాసి అదియు జతపరచెననియు గాస్కెల్ కథనము. వచ్చిన కవరును షార్లెట్ రెండు ముక్కల నిరాకరణము కొరకు ఎదురుచూచుచు విప్పెను. లోపల రెండు పుటల జాబు. వ్యాపారకారణములచే ఈ నవలను ప్రకటింపజాలమని అందులోను ఉన్నది. కాని గుణదోషములను అంత సభ్యతతో, అంత వివేకముతో చర్చించియుండుటచే, మోటుగా చెప్పిన అంగీకారముకంటె ఈ నిరాకరణమే తనకు ఎక్కువ ధైర్యమిచ్చినదని ఆమె మూడేండ్ల పిమ్మట అచ్చులో చెప్పుకొనెను. చివర, మూడు సంపుటముల నవల పంపినచో శ్రద్ధగా పరిశీలింతుమని ఒక మాట. ఈ మూడు సంపుటముల పట్టుదలకు సాహిత్యము కారణము కాదు: అద్దె గ్రంథాలయములవారు కొనునది, 31 షిల్లింగుల 6 పెన్నీల వెలగల మూడు సంపుటముల గ్రంథము, ‘ప్రొఫెసర్’ ఆ కొలతకు పొట్టి.

1847 ఆగస్టు 7వ తేదీన ఆమె వ్రాసిన బదులు చిన్నది. సదీకి వ్రాసిన పిల్లయే యిప్పుడు పదేండ్లు పెరిగినది. తొట్రుపాటు లేదు, సంజాయిషీ లేదు. విమర్శకు కృతజ్ఞత, కథలో వైవిధ్యము చాలదను మాట నిరాధారము కాదని అంగీకారము, అయినను, ఇంతకంటె ఉత్కంఠ గలిగించు మరియొక గ్రంథము వెంటనే వెలువడునెడల మొదటిదానిని ప్రకటించుటలో పెద్ద నష్టముండదేమోయని ఒక సూచన, అట్టి మూడు సంపుటముల గ్రంథము ఇంచుమించు పూర్తియగుచున్నది, నెలలో ముగియునని ఒక కబురు. అంగీకరించిన దోషమును అంగీకరించి, అంగీకరింపని తీర్పును మాత్రము అప్పీలుకు పెట్టినది. కృతజ్ఞతాలేఖలో మరల బేరము పెట్టరాదని నేటి కొందరు మర్యాదాగురువులు బోధింతురు. ఆ సూత్రము నెరిగియుండినచో ఈమె ఏమి చేసియుండునో! అయితే, ఆమె బేరము పెట్టినది వారు తెరచిన తలుపు దగ్గరనే యని గమనింపవలెను. బ్రాన్వెల్ బ్లాక్‌వుడ్స్ వారి గోడను గ్రుద్దినాడు.

నెల గడువక మునుపే, ఆగస్టు 24వ తేదీన, ఆ యేడే రైలు వచ్చిన కీత్లీ పట్టణపు స్టేషనునుండి ‘జేన్ ఐర్’ కట్ట బయలుదేరెను. ఆ చిన్న స్టేషనులో కూలి ముందుగా కట్టించుకొనరట; అందుచే, అందినప్పుడు తాము చెల్లించిన మొత్తమెంతయో తెలిపినచో తపాలాబిళ్లల రూపమున వెంటనే పంపుదునని తోడి జాబులో వ్రాసినది. ఆ వేళకు ఆమె యొద్ద ఉన్నవి అనేక నిరాకరణములును, ఈ లెక్కకట్టు నిజాయితీయు. విలియమ్స్ చదివి జార్జి స్మిత్‌నకు అందించెను. ఆదివారమున ఉదయపుటాహారము తరువాత చదువ మొదలిడి, మధ్యాహ్నము మిత్రునితో గుఱ్ఱపుస్వారీకి పోవలసిన ఏర్పాటు రద్దుచేసికొని, బల్లయొద్దకే తెప్పించుకొన్నది తిని, నిద్రించులోపల ముగించితినని ఆయన పెద్దతనమున చెప్పుకొనెను. 100 పౌనులకు హక్కు కొని, అక్టోబరులో, అనగా అందిన రెండు నెలలకే గ్రంథమును బయటపెట్టిరి. మరుసటి జూలైలో షార్లెట్, ఆన్ ముందు కబురు లేక కార్న్‌హిల్ దుకాణమునకు నడచివచ్చి, కరర్ బెల్‌నకు స్మిత్ వ్రాసిన జాబునే ఆ యువకుని చేతిలో పెట్టగా, ఇది మీకెట్లు వచ్చినదని ఆయన తెల్లబోయి అడిగెనట. అంతవరకు కరర్ బెల్‌ను ఆయన కంటితో చూచియుండలేదు.

ఇంత జరిగినను ‘ప్రొఫెసర్’ రాత మారలేదు. ‘జేన్ ఐర్’కు వచ్చిన కీర్తిని చూచి ఆమె దానిని మరల స్మిత్ ముందుంచెను; ఆయన మరల మర్యాదగా కాదనెను; పిదపను మరియొకసారి. 1851 ఫిబ్రవరిలో ఆయనకు వ్రాయుచు, ఈ గ్రంథము ప్రచురణవర్గమువారిచే తొమ్మిదిసార్లు తిరస్కరింపబడిన ఘనతను పొందినదనియు, అందులో మూడు తమ వాటాయే యనియు లెక్క చెప్పి, దానిని ఇక అలమరలో పెట్టి తాళము వేయుచున్నాననియు, చదువుటకును ఇవ్వననియు పరిహాసముగా తెలిపినది. ముప్పదియైదేండ్లకు దగ్గరపడుచున్న ఆ రచయిత్రి జాబులో ఇప్పుడు వందనమును, వేళాకోళమును విడదీయరాదు. స్నేహితులైనవారి మధ్య కాదనుట అంత తేలికయైనది. 1855 మార్చి 31వ తేదీన ఆమె చనిపోయెను. రెండేండ్లకు, 1857 జూన్‌లో, కాదన్న స్మిత్, ఎల్డర్ కంపెనీవారే ‘ప్రొఫెసర్’ను రెండు సంపుటములుగా అచ్చొత్తించిరి, మూడు సంపుటముల పట్టింపు అప్పుడు రాలేదు. దానికి ఆమె ఏనాడో వ్రాసి సిద్ధపరచిన పీఠికయు అందు చేర్చబడినది. తన కథానాయకుడు అందరివలె కష్టించి సంపాదించుకొనవలెనని తాను నిశ్చయించుకొనగా, ప్రచురణకర్తలు మాత్రము ఇంతకంటె అద్భుతమును, ఊహావిహారమును కోరుచున్నట్లు తేలినదనియు, లోకవ్యవహారమున మునిగియుండు వ్యాపారుల గుండెలలో అంతటి కల్పనాప్రీతి దాగియున్నదని వ్రాతప్రతి పట్టుకొని తిరిగినవారికి తప్ప తెలియదనియు ఆ పీఠికలో ఆమె విన్నవించుకొన్నది.